కొలువు చూపులు

ఇంటర్వ్యూ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే ఒక తమాషా బయటపడుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని ఫ్రెంచివాళ్ళ దగ్గర పుచ్చుకున్నారు. అసలు అర్థం ‘ఒకరినొకరు చూసుకోవడం’. అంతే! అందులో ప్రశ్నలూ లేవు, జవాబులూ లేవు. ఉత్త చూపులు.

అలాంటి మాట మన ఇళ్ళలో ఎప్పట్నించో ఉంది. చాప మీద తలవంచుకు కూచున్న పిల్ల, ఎదురుగా కుర్చీల్లో నలుగురు పెద్దలు, మధ్యన సొజ్జీ, బజ్జీ. “ఎంతవరకూ చదివావమ్మా?” “వంట వచ్చునా?” “ఏదీ, ఒక కీర్తన అందుకో!” చివర్న లేచి కండువా సర్దుకుంటూ, “ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం.” ఉద్యోగపు ఇంటర్వ్యూలో సొజ్జి ఒక్కటే ఉండదు. మిగతావన్నీ ఉంటాయి, ఉత్తరం రాస్తామన్న మాటతో సహా.

ఇప్పుడా చూపులు వీడియోలోకొచ్చాయి. పిల్ల గడప దాటక్కర్లేదు, చూసేవాళ్ళు రైలెక్కక్కర్లేదు. ఇంట్లో ఒక మూల ల్యాప్‌టాప్ తెరిచి కూచుంటే చాలు, బెంగుళూరు నుంచి ఒకరు, బోస్టన్ నుంచి ఒకరు తెరమీద ప్రత్యక్షం! దీనికెలా తయారవాలని ఈ మధ్య మన అమ్మాయిలే కాదు, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ ఉద్యోగంలో చేరదామనుకుంటున్న తల్లులూ అడుగుతున్నారు. ఆ జవాబు కోసం వెనక్కి వెళ్ళి చూస్తే, ఇది మనం అనుకునేటంత కొత్త వ్యవహారం కాదని తెలుస్తుంది.

చైనాలో టాంగ్ వంశపు రాజులు క్రీ.శ. 618 నుంచి 907 దాకా ఏలారు. ఉద్యోగాలకి పరీక్షలు పెట్టడంలో వాళ్ళు ఘనులు. రాత పరీక్ష గట్టెక్కినంత మాత్రాన కొలువు చేతికొచ్చేది కాదు. అధికారుల ఎదుట నిలబడాలి. వాళ్ళు నాలుగు చూసేవారు: మనిషి తీరు, మాట తీరు, చేతిరాత, తీర్పు చెప్పే తెలివి. వరసలో మొట్టమొదటిది మనిషి తీరు! పదమూడు వందల ఏళ్ళు గడిచినా ఆ వరస పెద్దగా మారిందని ఎవరైనా గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలరా?

మన దేశానికి ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన కొలువు ఐ.సి.ఎస్. దానికి మొదటి పోటీ పరీక్ష 1855లో జరిగింది. ఎక్కడ? లండన్‌లో. పేరుకి అర్హత ఉన్న ఎవరైనా రాయొచ్చు. కానీ మనవాళ్ళు ముందు సముద్రం దాటాలి. దాటితే కులం పోతుందనేవాళ్ళు ఇంట్లోనే ఉండేవారు. కులం సంగతి అలా ఉంచి ఓడ ఖర్చు ఎవరిస్తారు? పరీక్ష మొదలయ్యాక ఎనిమిదేళ్ళకి, 1863లో, సత్యేంద్రనాథ్ టాగూరు నెగ్గి మొదటి భారతీయుడనిపించుకున్నాడు. ఆయన రవీంద్రుడి అన్నగారు, జమీందారీ కుటుంబం వారు. ఆ తర్వాత అరవిందులు 1890లో రాత పరీక్ష నెగ్గి కూడా గుర్రపుస్వారీ పరీక్షకి హాజరుకాక కొలువు వదులుకున్నారు. ఆ పరీక్ష మన గడ్డమీద కూడా జరగాలన్న కోరిక తీరేసరికి 1922 వచ్చింది. అంటే అరవై ఏడేళ్ళపాటు మన వాళ్ళకి తొలి పరీక్ష దూరమే. తెలివితేటల వంతు ఆ తర్వాతే వచ్చేది.

దూరం మగవాళ్ళకే అంత పరీక్షయితే ఆడవాళ్ళ మాట చెప్పాలా? ఇంటర్వ్యూ కార్డు రాగానే ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న “ఏం ఉద్యోగం?” కాదు, “తోడెవరు వెళ్తారు?” నాన్నకి సెలవు దొరకాలి, అన్నయ్యకి తీరికుండాలి, ఆ ఊళ్ళో దిగడానికి పిన్నిగారిల్లో మేనత్తగారిల్లో ఉండాలి. ఇన్నీ కుదరక ఎన్ని ఇంటర్వ్యూ కార్డులు పోపులడబ్బా వెనక పసుపుపచ్చబడిపోయాయో, ఎవరూ లెక్క రాయలేదు.

తీరా వెళ్ళినవాళ్ళకి ఏం జరిగిందో మాత్రం చరిత్రలో ఉంది.

కూర్గు నుంచి వచ్చిన సి.బి.ముత్తమ్మ 1948లో సివిల్ సర్వీసుల పరీక్ష నెగ్గింది. విదేశాంగ శాఖ కావాలంది. ఇంటర్వ్యూలో పెద్దలు ఆమెని పరీక్షించడం కంటే మనసు మళ్ళించడానికే ఎక్కువ పాటుపడ్డారని ఆమే తర్వాత చెప్పుకుంది. పట్టు విడవకుండా 1949లో చేరింది. చేరేటప్పుడు, పెళ్ళి చేసుకుంటే రాజీనామా ఇస్తానని రాసివ్వాల్సివచ్చింది. ఇలాంటి కాగితం మీద మగవాడెవడూ సంతకం పెట్టలేదు సుమండీ! మరో ముప్ఫై ఏళ్ళకి ప్రమోషన్ దగ్గర అన్యాయం జరిగిందని ఆమె సుప్రీంకోర్టుకెక్కింది. విచారణ ముగిసేలోపే ప్రభుత్వం ప్రమోషన్ ఇచ్చింది కాబట్టి కేసు కొట్టేశారు గానీ, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సర్వీసు నిబంధనలకి బాగా చురక అంటించి, ఆడవాళ్ళపట్ల వివక్షని తొలగించమని ప్రభుత్వానికి చెప్పారు.

అన్నా రాజమ్ కథ 1951 నాటిది. ఐ.ఎ.ఎస్.కి ఎంపికైంది. ఇంటర్వ్యూ బోర్డు వారు, “విదేశాంగమో కేంద్ర సర్వీసులో తీసుకోమ్మా, ఆడవాళ్ళకి అవి అనువుగా ఉంటాయి” అన్న ధోరణిలో నచ్చజెప్పారు. ముత్తమ్మని వద్దన్న విదేశాంగమే మూడేళ్ళలో ఆడవాళ్ళకి అనువైపోయింది, చూశారా! ఎటు వెళ్తానంటే అది తగదనడమే తప్ప తగినదేదో వాళ్ళకే తెలీదు. ఆమె మద్రాసు రాష్ట్రం కోరుకుంది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసులోనే ఉన్నాయి. ముఖ్యమంత్రి రాజాజీ మొదట తటపటాయించారు. ఆమె మాత్రం గుర్రపుస్వారీ, తుపాకీ పేల్చడం అన్నీ నేర్చుకునే వచ్చానంది. హోసూరుకి సబ్‌కలెక్టరుగా వెళ్ళింది. తర్వాత రాజాజీయే మెచ్చుకున్నారు. ఆమెకిచ్చిన నియామకపు ఉత్తర్వులో కూడా పెళ్ళయితే ఉద్యోగం పోతుందన్న షరతు ఉంది. కొన్నేళ్ళకి ఆ నిబంధనే పోయింది.

ఈ రెండు కథల్లోనూ బల్లకి అవతల కూచున్నవాళ్ళ మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే: “నీ ఇల్లు సంగతేమిటి?” ఆ ప్రశ్న నోటితో అడిగినా అడక్కపోయినా గదిలో వేలాడుతూనే ఉంటుంది. 1976లో వచ్చిన సమాన వేతనాల చట్టం ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడదని వివక్ష చూపకూడదంది. చట్టం నోరు కట్టెయ్యగలదు గానీ, మనసులో ప్రశ్నని ఏం చెయ్యగలదు?

ఇక తెర కథకొద్దాం.

1927 ఏప్రిల్ 7న అమెరికా వాణిజ్యమంత్రి హెర్బర్ట్ హూవర్ వాషింగ్టన్‌లో కూచుని టెలిఫోన్లో మాట్లాడుతుంటే న్యూయార్కులో టెలిఫోన్ కంపెనీవారు ఆయన ముఖం తెరమీద చూశారు. ఆయన ఫోను మీదకి వంగిపోవడంతో మొదట నుదురే తెరంతా ఆక్రమించిందని పత్రికలు రాశాయి. తర్వాత రెండేళ్ళకి అమెరికా అధ్యక్షుడైన మనిషి! అంచేత వీడియోలో సగం ముఖమే కనిపించిందని మన అమ్మాయిలు బెంబేలెత్తక్కర్లేదు. ఆ వరసలో మొదటివాడు హూవరుగారే.

1936లో జర్మనీ తపాలాశాఖ బెర్లిన్‌కీ లైప్‌జిగ్‌కీ మధ్య ముఖాలు చూస్తూ మాట్లాడుకునే సౌకర్యం పెట్టింది. ఇద్దరూ చెరో తపాలాఫీసుకి వెళ్ళి బూత్‌లో కూచోవాలి. యుద్ధం ముదిరాక 1940లో అదీ మూతపడింది.

1964 జూన్‌లో అమెరికన్ టెలిఫోన్ కంపెనీ న్యూయార్కు, వాషింగ్టన్, షికాగోల మధ్య ‘పిక్చర్‌ఫోన్’ మొదలుపెట్టింది. ప్రారంభోత్సవంగా వాషింగ్టన్ నుంచి అధ్యక్షుడి భార్య లేడీ బర్డ్ జాన్సన్ మాట్లాడితే, న్యూయార్కులో అందుకున్నది ఎలిజబెత్ వుడ్ అనే శాస్త్రవేత్త. ఇద్దరూ ఆడవాళ్ళే! సరిగ్గా అదే నెలలో అదే న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభ జరిగింది. దానికి మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళకే భర్తని పోగొట్టుకుని, చంటిపిల్లని పెట్టుకుని గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1943లో పట్టా పుచ్చుకున్న మనిషి. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకతె. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు కూడా కూతుర్ని చూసుకునే వీలెక్కడుందా అని చూసి మరీ ఎంచుకోవాల్సివచ్చిందామెకి.

ఆ పిక్చర్‌ఫోన్‌లో న్యూయార్కు నుంచి వాషింగ్టన్‌కి మూడు నిమిషాలు మాట్లాడితే 16 డాలర్లు. ఆనాటి లెక్కలో సుమారు 76 రూపాయలు! జనం చూసి ముచ్చటపడ్డారు గానీ ఎవరూ వాడలేదు. 1970లో పిట్స్‌బర్గ్‌లో నెలకి 160 డాలర్ల చందాతో ఆఫీసుల్లో పెట్టిచూశారు. అదీ అంతంతమాత్రమే. ఖరీదొక్కటే కారణం కాదు. ఫోను మోగితే జుట్టు సవరించుకుని మరీ తియ్యాలంటే ఎవరికి సరదాగా ఉంటుంది చెప్పండి! ఇంట్లో ఉన్నప్పుడు కనపడకుండా ఉండటం కూడా ఒక సుఖమే. ఆ సుఖం విలువ ఇంజనీర్లకి ఆలస్యంగా తెలిసింది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి, ఇంటర్నెట్ వచ్చింది. 2003లో స్కైప్ పుట్టింది, రెండుమూడేళ్ళకి అందులో బొమ్మ కూడా కనపడసాగింది. అమెరికాలో మనవడి ముఖం చూడటానికి మన బామ్మలు నేర్చుకున్న మొదటి కంప్యూటరు విద్య అదే. 2025 మే నెలలో దాన్ని మూసేశారు. 2011లో జూమ్ కంపెనీ పెట్టిన ఎరిక్ యువాన్ కథ మరీ బాగుంటుంది. చైనాలో కాలేజీ రోజుల్లో, తర్వాత భార్య అయిన పిల్లని చూడటానికి పదిగంటలు రైల్లో పోయేవాడట. కదలకుండా చూసుకునే ఉపాయమేదైనా ఉంటే బాగుండునన్న ఆశ అప్పుడే కలిగిందంటాడు. అమెరికా వీసా ఎనిమిదిసార్లు కాదని తొమ్మిదోసారి ఇచ్చారు. ఇంటర్వ్యూల బాధ ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు?

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకుంది. ఆఫీసులు, బడులు, పెళ్ళిళ్ళు, చివరికి పరామర్శలు కూడా తెరకెక్కాయి. జూమ్ సమావేశాల్లో రోజుకి కోటి హాజర్లుండేవల్లా నాలుగు నెలల్లో 30 కోట్లయ్యాయి. ఒకే మనిషి మూడుసార్లు చేరితే మూడు హాజర్లుగా లెక్కేననుకోండి, అయినా తక్కువా? ఉద్యోగాల ఇంటర్వ్యూలు కూడా అందులోకే వచ్చాయి. వ్యాధి తగ్గింది గానీ ఆ అలవాటు మాత్రం నిలిచిపోయింది. అభ్యర్థికి రైలుచార్జీ ఇచ్చే బాధ తప్పాక ఏ కంపెనీ వదులుకుంటుంది?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. దీనివల్ల దూరం అనే పాత పరీక్ష పోయింది. మండపేటలో ఉన్న పిల్లా, మహబూబ్‌నగర్‌లో ఉన్న పిల్లా ఇప్పుడు తోడు కోసం అన్నయ్య సెలవుకి ఎదురుచూడక్కర్లేదు. కానీ ఇదివరకు “నీ ఇల్లు సంగతేమిటి?” అని మనసులో అనుకునేవాళ్ళు ఇప్పుడా ఇంటినే కళ్ళారా చూస్తున్నారు!

ఇక్కడొక ఎదురు కథ చెప్పాలి. అమెరికాలో బోస్టన్ వాద్యబృందం 1952లో కళాకారుల ఎంపికకి తెర కట్టింది. వాయించేవాళ్ళు తెర వెనక, వినేవాళ్ళు ముందు. ఆడో మగో తెలియకూడదు. చెప్పుల చప్పుడు బట్టి పోల్చేస్తున్నారని కొన్నిచోట్ల నేలమీద తివాచీలు కూడా పరిచారు. మిగతా బృందాలు నెమ్మదిగా ఆ దారి పట్టాయి. అక్కడి అయిదు పెద్ద బృందాల్లో 1970లో స్త్రీలు నూటికి అయిదుగురైనా లేరు, శతాబ్దం ముగిసేసరికి పాతికమంది అయ్యారు. అంతా తెర మహిమే అనలేం, కాలమూ మారింది. కానీ తెర చేసిన మేలు కొంత ఉంది. ఆ తెర మనిషిని దాచి పనిని చూపింది. ఈ తెర మనిషితోపాటు వెనకున్న గోడనీ, గోడమీది పెచ్చునీ కూడా చూపిస్తుంది.

2017 మార్చిలో కొరియాలో ఉన్న ప్రొఫెసర్ రాబర్ట్ కెల్లీ ఇంట్లోంచి బి.బి.సి.తో మాట్లాడుతుండగా ఆయన కూతురు చిందులేసుకుంటూ గదిలోకొచ్చింది. వెనకే బండిలో చంటాడు. వాళ్ళావిడ నేలమీద జారుతూ పరుగెత్తుకొచ్చి ఇద్దర్నీ లాక్కుపోయింది. లోకమంతా పడీపడీ నవ్వింది. చాలామంది ఆవిణ్ణి ఆయా అనుకున్నారు! నేననేది, ఆ కుర్చీలో కూచున్నది ఆవిడే అయ్యుంటే జనం ఇంత ముచ్చటగా నవ్వేవారా? “పిల్లల్నే పట్టుకోలేనిది పనేం చేస్తుంది?” అనుండేవారు కాదూ?

అంచేత తయారవడం అంటే ఏమిటో ఇప్పుడు చూద్దాం. కిటికీ వీపు వెనక ఉంటే కెమెరా ఆ వెలుతురుకి లొంగిపోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. కిటికీకి ఎదురుగా కూచోవాలి. కెమెరా కన్ను మన కంటికి సమంగా ఉండాలి. లేకపోతే పై కప్పూ గెడ్డమూ కనపడతాయి. కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెడితే సరి. ఈ పనికి డిక్షనరీలూ, బైండు చేయించిన పాత సీరియళ్ళూ చాలా బాగా పనికొస్తాయి. మాట్లాడేటప్పుడు తెరమీది ముఖాన్ని కాదు, పైనున్న ఆ నల్లచుక్కని చూడాలి. అప్పుడే అవతలివాళ్ళకి మనం కళ్ళల్లోకి చూస్తున్నట్టుంటుంది.

బొమ్మ కాస్త మసకైనా ఫరవాలేదు, మాట తెగకూడదు. ఫ్యాను చప్పుడు, మిక్సీ, కుక్కరు విజిలు, అన్నీ ఆ గంట మౌనవ్రతం పట్టాలి. కరెంటు పోయినా పనిచేసేలా ముందురోజే చార్జింగు, వైఫై ఆగిపోతే ఆదుకోవడానికి పక్కన ఫోనులో డేటా. అవతలివాళ్ళ మాట కొంచెం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి వాళ్ళు ఆగాక ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పాలి. మాట ఒక సెకను పైచిలుకు ఆలస్యమైతే అవతలిమనిషి అంత స్నేహంగా లేడనిపిస్తుందని జర్మనీలో పరిశోధకులు 2014లో తేల్చారు. తప్పు తీగది, నింద మనిషికి! అమెరికా కంపెనీ అయితే గడియారం కూడా చూసుకోవాలి. న్యూయార్కుకీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతాకాలంలో పదిన్నర గంటలు తేడా.

ఇంకొక్కటి. తెరమీద మూలన మన ముఖం మనకే కనపడుతుంది చూశారూ, దాన్ని కనపడకుండా చేసెయ్యాలి. గంటసేపు అద్దం ముందు కూచుని మాట్లాడితే ఎవరికైనా నీరసం వస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2021లో అడిగి చూస్తే, వీడియో సమావేశాల తర్వాత విపరీతంగా అలిసిపోయామన్నవాళ్ళు ఆడవాళ్ళలో నూటికి 14 మంది దాకా ఉంటే, మగవాళ్ళలో ఆరుగురు కూడా లేరు. ఆ అద్దపు దిగులే పెద్ద కారణమన్నారు. చిన్నప్పట్నించీ “నలుగురూ చూస్తున్నారు, సరిగ్గా కూచో” అని విని పెరిగినవాళ్ళం మరి!

అసలు అవతల మనిషే లేని ఇంటర్వ్యూలు కూడా వచ్చాయి. తెరమీద ప్రశ్న రాసుంటుంది, కెమెరాకి జవాబు చెప్పుకుంటూ పోవాలి. ఆ వీడియోని యంత్రం పరీక్షిస్తుంది. అమెరికాలో హైర్‌వ్యూ అనే కంపెనీ ముఖకవళికల్ని కూడా యంత్రంతో లెక్కగట్టించి, విమర్శలొచ్చాక ఆ ముఖాల లెక్క మానేశామని 2021 జనవరిలో ప్రకటించింది. టాంగ్ రాజుల ‘మనిషి తీరు’ యంత్రంలోకి దూరి మళ్ళీ బయటికొచ్చిందన్నమాట. ఇల్లినాయ్ రాష్ట్రమైతే యంత్రంతో వీడియో పరీక్షిస్తే అభ్యర్థికి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని చట్టం చేసింది, 2020 నుంచి అమలు. ఇటు అభ్యర్థుల్లోనూ ఘనులున్నారు. మరొకరి ముఖం తగిలించుకుని ఇంటర్వ్యూలకొస్తున్నారని 2022లో అమెరికా పోలీసు సంస్థ ఎఫ్.బి.ఐ. హెచ్చరించింది.

వెలుతురు, కుర్చీ, పుస్తకాల దొంతర, ఇవన్నీ ఆ పిల్ల ఒక్కతే అమర్చుకోగలదు. అమర్చుకోలేనిది ఒక్కటుంది. తలుపేసుకోవడానికి ఒక గది, వేసిన తలుపు కొట్టకుండా ఉండే ఇల్లు. ఆ ఇంట్లో కొడుక్కి ఇంటర్వ్యూ ఉంటే టీవీ దానంతటదే ఆగిపోతుంది, అందరూ మునివేళ్ళమీద నడుస్తారు. కోడలికుంటే, “పప్పు ఎక్కడ పెట్టావమ్మా?” అని తలుపు సందులోంచి ఒక తల తొంగిచూస్తుంది. మనం కూడా తొంగిచూసే ఉంటాం, ఉమ్మడి అలవాటు.

ముత్తమ్మ నాడు పెళ్ళి చేసుకుంటే రాజీనామా ఇస్తానని కాగితం రాసివ్వాల్సివచ్చింది. ఈనాటి అమ్మాయికి ఆ కాగితం అక్కర్లేదు. గంటసేపు తను ఇంట్లో ఉండీ లేనట్టే అనుకునే మనుషులుంటే చాలు. ఈసారి మీ ఇంట్లో ఎవరికైనా ఆ పిలుపొస్తే, బొట్టూ చీరా సంగతి తర్వాత చూద్దురుగాని. ముందా చంటాణ్ణి చంకనేసుకుని, వెళ్తూ వెళ్తూ స్టవ్ కట్టేసి, వీధి చివరిదాకా షికారు తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు కాస్త సొజ్జి రవ్వ తెచ్చుకోవచ్చు. ఫలితం ఏదైనా, చూపులైపోయాక ఆ పిల్లకి ఆకలేస్తుంది.